ఒళ్ళు అడిగిందే తింటున్నాను

నవంబర్ 3

మహిమ ఈ డైరీ పంపింది. కరీంనగర్‌లో నర్సు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నా బిడ్డకు నేను తండ్రిని తక్కువ, పేషెంటును ఎక్కువ. డైరీ అందిందని ఫోన్ చేస్తే పెద్ద ప్రసంగమే చేసింది.

"బాపూ, గడియారం చూసి తినకు. అవ్వ పెట్టిందని తినకు. జర ఆగి నీ ఒళ్ళేమడుగుతుందో ఇను. అది అడిగింది తిను. తిన్నంక ఎట్లుందో ఒక ముక్క రాసిపెట్టు. షుగర్ గోలీ మాత్రం ఇడిచిపెట్టకు."

"ఒళ్ళు మాట్లాడుతదా బిడ్డా?"

"మాట్లాడుతది. మనమే ఇనం."

రాయడం నాకు కొత్త కాదు. మా మెథడిస్టు చర్చి కమిటీ మినిట్స్ ఏళ్ళ తరబడి నేనే రాస్తున్నాను. వినడం అసలే కొత్త కాదు. బొగ్గుబాయిలో నా పనే అది. షిఫ్టు మొదలు కాగానే సబ్బల్, అదే ఇనుప గడ్డపార, పట్టుకొని నెత్తి మీది పైబండను తట్టుకుంటూ పోతాను. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన చోట, కింద ఆసరాగా కర్ర దిమ్మె నిలబెట్టేదాకా మనిషిని నిలబడనివ్వను. బండ మాట విన్నవాడికి ఒంటి మాట వినడం ఎంత పని?

షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, మంచం మీద కూర్చొని విన్నాను. జొన్న అంబలి అడిగింది. పక్కన పచ్చి ఉల్లిగడ్డ, పుంటికూర తొక్కు. ఒళ్ళు ప్రతిపాదించగా నోరు బలపరిచినది. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

నవంబర్ 6

మక్క గటుక, చల్ల. ఒళ్ళు తేలిగ్గా ఉంది. బాయిలో అంత దూరం నడిచి వచ్చినా కాళ్ళనేవి ఉన్నాయన్న సంగతే గుర్తు రాలేదు. మహిమ చెప్పింది నిజమే.

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు మా క్వార్టర్‌కు వచ్చి ప్రార్థన చేశారు. శుక్రవారం నాకు మెడికల్ బోర్డు.

ఈ శ్రీరాంపూర్‌లో ఏ ఇంట్లో అడిగినా లెక్క చెప్తారు. డాక్టర్లు ఇక బాయి పనికి పనికిరాడు, అన్‌ఫిట్ అంటే నా నౌకరీ నా కొడుకు సన్నీకి వస్తుంది. ఫిట్ అంటే రిటైరయ్యేదాకా నేనే చేసుకోవాలి, ఆ తర్వాత నౌకరీ నాతోనే పోతుంది. ఏ రోగం వచ్చినా మార్చి లోపల రావాలి. మార్చి దాటితే నాకు మిగిలే సర్వీసు తక్కువైపోయి, అన్‌ఫిట్ అయినా వాడికి ఏమీ రాదు. సన్నీ డిప్లొమా చదివి మంచిర్యాలలో సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చుంటున్నాడు. ముప్పై మూడు నిండాయి. వాడి తోటివాళ్ళు పిల్లలను బడికి పంపుతున్నారు.

"ప్రభువా, బెంజమినన్నకు బోర్డుల జయమియ్యి" అని అయ్యగారు చేతులెత్తారు. ఏది జయమో ప్రభువుకు విడమరిచి చెప్పలేదు. పిల్లలు అవ్వా అని పిలిచే వాళ్ళ తల్లి ప్రేమమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. నా రోగం కోసం నా పెండ్లాం ఆమెన్ అంటుందని పెళ్ళినాడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. ఇవాళా నవ్వొచ్చింది. అయ్యగారు కళ్ళు మూసుకొని ఉన్నారు కాబట్టి సరిపోయింది.

నవంబర్ 14

ఫిట్.

నవంబర్ 15

నిన్న రాయబుద్ధి కాలేదు. షుగర్ అదుపులో ఉందట. చూపు బాగుందట. అరికాళ్ళలో సూదితో పొడిచి "తెలుస్తుందా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచి నిజమే చెప్పాలని నేర్చుకున్నవాణ్ణి, తెలుస్తుందన్నాను. "ఈ వయసులో ఇలా ఉండటం గొప్ప" అని డాక్టర్ భుజం తట్టాడు. ఆ తట్టుడుకు నా ఒళ్ళు ఖంగుమన్నట్టే ఉంది.

ఇంటికొచ్చి చెప్తే ప్రేమమ్మ చేతిలోని చాట అలాగే పట్టుకొని నిలబడింది.

"మరి కొమురెల్లన్నకు ఎట్ల దొరికింది?"

దొరికింది అంటే పక్షవాతం. కొమురెల్లి మా పక్క క్వార్టర్ల లైన్లో ఉంటాడు. నిరుడు బాయిలోనే కూలబడ్డాడు. ఆయన కొడుకు ఇప్పుడు డ్యూటీ చేస్తున్నాడు.

"ఆయనకు రాసిపెట్టి ఉంది. నాకు లేదు" అన్నాను.

సన్నీ మాత్రం "పోనియ్ బాపూ, ఏం ఫికర్ జెయ్యకు" అని నా ముందుకు చెంబు జరిపాడు. వాడు ఒక్క మాట తిట్టినా బాగుండేది. నేను బాగున్నందుకు నా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ముగ్గురం మరమరాలు తిని పడుకున్నాం. ఫిబ్రవరిలో ఇంకో బోర్డు ఉంది. మాకు అదే ఆఖరు.

నవంబర్ 18

కొమురెల్లిని చూడటానికి పోయాను. లడ్డూలు పట్టుకుపోయాను. ఆయన భార్య అనసూర్య ఆయనకు చెంచాతో జావ తాగిస్తోంది. సగం మూతి పక్క నుంచి కారుతుంటే కొంగుతో తుడుస్తోంది.

"మాకేం కొదువలేదన్నా" అంది. "పిలగాడు డ్యూటీకి పోతుండు. కొత్త బండి గూడ కొన్నడు. గీయన కొడుక్కు మంచి దారి జూపిచ్చిండు."

ఒక లడ్డూ కొమురెల్లి ముందు పెట్టి, ఒకటి నేను తీసుకున్నాను. నోట్లో పెట్టుకోబోతుంటే ఆయన బాగున్న చేయి లేపి నా చేతిని గట్టిగా కొట్టాడు. లడ్డూ పోయి తలుపు దగ్గర పడింది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకొని నన్నే చూస్తున్నాడు. పాపం, ఆ చేయి కూడా వశం తప్పుతున్నట్టుంది.

నవంబర్ 23, ఆదివారం

సన్నీ జిలేబి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో వాడు చెప్పలేదు, మేమూ అడగలేదు. పదేళ్ళుగా ఈ ఇంట్లో తీపి వస్తే నాకు కనపడకుండా బియ్యం డబ్బా వెనుక దాచడం ఆనవాయితీ. ఇవాళ ప్రేమమ్మ పళ్ళెంలో పెట్టి టీవీ ముందు నేను కూర్చునే చోట పెట్టింది. పెట్టి, ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి పోయింది.

మహిమ చెప్పినట్టు ఆగి విన్నాను. ఒళ్ళు జిలేబి అడుగుతోంది. నిజంగానే అడిగింది. ఇన్నేళ్ళు దాని నోరు కట్టేశాను కదా, అడగదా మరి? తిన్నాను.

నవంబర్ 24

జిలేబి. ఒళ్ళు అడిగిందే తింటున్నాను.

నవంబర్ 29

మధ్యాహ్నం అంబలి మీదికి మనసు పోయింది. అది ఒళ్ళు కాదు, అలవాటు. రెంటికీ తేడా తెలుసుకోవాలి. బాలుషా తిన్నాను.

డిసెంబర్ 4

షుగర్ గోలీ వేసుకుంటుంటే గొంతులో అడ్డం పడ్డట్టయింది. ఒళ్ళు వద్దంటోంది. ఒంటి మాట వినమన్నాక అన్నిటికీ వినాలి. తనకు ఇష్టమైన వాక్యమే వింటానంటే అది భక్తి కాదని అయ్యగారు కూడా చెప్తుంటారు.

డిసెంబర్ 10

మహిమ ఫోన్.

"డైరీ రాస్తున్నవా బాపూ? ఏది, ఇయ్యాల్టిది సదువు."

డైరీ ముందు పెట్టుకొనే చదివాను. "జొన్నరొట్టె, పాలకూర పప్పు. ఒళ్ళు తేలిగ్గా ఉంది."

"శభాష్" అంది.

నేను మినిట్స్ చదివితే కమిటీలో ఇంతవరకు ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. అంత నమ్మకంగా చదువుతాను. ఇక ఈ డైరీ దానికి చూపించలేను. నాకోసం నేనే రాసుకోవాలి.

డిసెంబర్ 13

దాహం. ఎన్ని చెంబులు తాగినా నాలుక పిడచకట్టుకుపోతోంది.

డిసెంబర్ 16

బాయిలో నాతో పనిచేసే భూమన్న ఇవాళ నా చేతిలోంచి సబ్బల్ తీసుకున్నాడు.

"నువ్వు జర కూసో అన్నా. నేను కొడ్త."

"ఎందుకురా?"

"కొట్టిన జాగనే మల్ల కొడ్తున్నవ్. పక్కకున్నది ఇడిచిపెడ్తున్నవ్. అవుపడ్తలేదా?"

దీపం వెలుతురు మసకగా ఉందన్నాను. దీపం మార్చుకో అన్నాడు. అదే దీపం వాడు పెట్టుకొని చూసి తిరిగి ఇచ్చాడు. కూర్చున్నాను. వాడు తట్టుకుంటూ పోతుంటే కూర్చున్న చోటి నుంచే విన్నాను. ఒక చోట డొల్ల పలికింది. "ఆగు" అని అరిచాను. వాడికీ వినిపించిందట. చెవులు బాగానే ఉన్నాయి, దేవుడికి స్తోత్రం. ఇంకొకడి ప్రాణం నా మీద ఉందన్న మాట ఈ నెల రోజుల్లో ఇవాళే గుర్తొచ్చింది. భయం వేసింది. నా సంగతి వేరు, భూమన్నకు చిన్న పిల్లలు.

డిసెంబర్ 17

బాయి దొరను, అంటే మేనేజర్‌ను, అడిగి పైన, దీపాల గదిలో పని వేయించుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్తే ప్రేమమ్మ సంతోషపడుతుందేమో. ఆ సంతోషం చూడలేను.

డిసెంబర్ 20

ప్రేమమ్మ క్రిస్మస్‌కు తీపి గరిజెలు చేస్తోంది. నేను పక్కన కూర్చొని కొబ్బరి తురిమాను. వేడివేడిగా మొదటి వాయి నాకే పెట్టింది. తింటుంటే నా మోకాలి మీద చేయి వేసి, "నాకు నువ్వే కావాలె" అంది. ఆ వెంటనే, "పిలగానికి గూడ ఒక దారి కావాలె గదా" అంది. రెండు మాటలూ నిజమే. రెండూ ఒకే పళ్ళెంలో పట్టవు. ఆమె చేయి తీసి ఇంకో రెండు గరిజెలు వేసింది.

బాత్రూంలో చీమలు. నేను పోయివచ్చిన చోటే బారులు కడుతున్నాయి. ప్రేమమ్మ చూసి నీళ్ళు గుమ్మరించింది.

డిసెంబర్ 26

నిన్న ఆరాధన, విందు అన్నీ బాగా జరిగాయి. ఇవాళ్టిది రాయాలి.

మహిమ నిన్న పొద్దున్నే వచ్చింది. నర్సు కదా, ఇల్లంతా తిరిగి చూసిందంటే డ్యూటీ ఎక్కినట్టే. ఇవాళ అందరం తినడానికి కూర్చున్నప్పుడు నా గోలీల పట్టీలు తెచ్చి పళ్ళేల మధ్య పెట్టింది. ఒక్కటీ చిరగలేదు.

"ఇవెందుకు మిగిలినయ్ బాపూ?"

"ఒళ్ళు వద్దంటుంది బిడ్డా. నువ్వే ఇనుమంటివి."

"బాత్రూంల చీమలెందుకు పట్టినయ్? డబ్బాల జిలేబి ఎవలు తెచ్చిండ్రు?"

సన్నీ తల వంచి అన్నం కలుపుతున్నాడు. దానికి అర్థమైంది. ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చి సన్నీ దగ్గర ఆగింది.

"నేను అడిగిన్నా?" అన్నాడు సన్నీ. ముఖం ఎర్రబడింది. "బాపూ, నువ్వే చెప్పు. ఒక్కనాడన్న గీ నౌకరీ నాకు కావాలని నిన్ను అడిగిన్నా?"

"అడగలే" అన్నాను. నిజమే, అడగలేదు. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే లేదనడానికి నాకు ఒక అవకాశం ఉండేది.

"అడుగుడెందుకు, జిలేబి తెస్తే సాలదా?" అంది మహిమ.

సన్నీ అన్నంలో చేయి కడుక్కొని లేచిపోయాడు. ప్రేమమ్మ ఏడ్చింది. "మేమేమన్న పగోళ్ళమా బిడ్డా? ఆన్ని జూసినవా? అద్దంల మొకం జూసుకుంట లేడు. పెండ్లిళ్ళకు పోతలేడు. మొన్న చేన్లకు కొట్టే మందు డబ్బా ఆని బ్యాగుల దొరికింది. నేను పారబోసిన. బాపుకు గూడ చెప్పలే."

నాకు నిజంగానే తెలియదు. గోడకు ఆనుకున్నాను.

మహిమ ఒక గోలీ చింపి నా పళ్ళెం పక్కన పెట్టింది. నేను దాని ముఖం చూశాను. ఇన్నేళ్ళు మింగు, మింగు అని నా ప్రాణం తీసిన పిల్ల. మింగు అనలేదు. తలకాయ వంచుకొని పళ్ళేలు తీసుకుపోయింది.

గోలీ అక్కడే ఉంది. మధ్యాహ్నం బస్సుకు మహిమ వెళ్ళిపోయింది.

డిసెంబర్ 27

ఇంక వద్దనడానికి మిగిలింది ఎవరు?

డిసెంబర్ 30

జిలేబి. ఒళ్ళు అడిగిందే

జనవరి 1

కొత్త సంవత్సరం నిబంధన ఆరాధన, దేవుడికి మళ్ళీ మాట ఇచ్చే రోజు. మన ఒళ్ళు మన సొత్తు కాదని అందరం లేచి నిలబడి ఒప్పుకొన్నాం. నాకు ఒప్పుకోవడం కష్టం కాలేదు. సన్నీ నా పక్కనే నిలబడ్డాడు. మధ్యలో నా చేయి పట్టుకున్నాడు. చిన్నప్పుడు జాతరలో పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మందు డబ్బా సంగతి అడుగుదామనుకున్నాను. అడగలేక, నేనూ గట్టిగా పట్టుకున్నాను.

జనవరి 8

పాదాలు బరువుగా, బట్ట చుట్టినట్టు ఉన్నాయి. చెప్పులు వేసుకున్నానో లేదో కిందికి చూసుకుంటే గానీ తెలియడం లేదు. చలికాలం కదా.

జనవరి 11

పోయిన వారం రాసింది రెండు పేజీలు చింపేశాను. అంబలి గురించి రాశాను. మళ్ళీ చదవలేకపోయాను.

జనవరి 19

దీపాల గది నుంచి వచ్చి గుమ్మంలో కూర్చొని బూట్లు విప్పాను. లోపలికి పోతుంటే ప్రేమమ్మ కేక వేసింది. నా వెనుక గచ్చు మీద ఎర్రగా అడుగులు పడ్డాయి. ఎవరివో అనుకున్నాను.

బూటు తిరగేసి దులిపితే చింతగింజంత బొగ్గు ముక్క పడింది. ఒక పక్క కత్తిలా ఉంది. పొద్దున బూటు తొడిగినప్పుడే దూరి ఉంటుంది. షిఫ్టంతా దాని మీదే నడిచాను. బొటనవేలి కింద ఎముక దాకా తెగింది. నాకు తెలియలేదు.

ప్రేమమ్మ కాలు ఒళ్ళో పెట్టుకొని పసుపు అద్దుతూ ఏడుస్తోంది. "నొస్తలేదా? నిజంగ నొస్తలేదా?" అని పదేపదే అడుగుతోంది. నొప్పి ఉందని చెప్పి ఆమెను ఊరుకోబెడదామని, "అబ్బా" అన్నాను. ఆమె చేయి అప్పటికి నా కాలి మీద లేదట.

జనవరి 20

మంచం కోడు మీద వేళ్ళతో తట్టాను. తర్వాత మోకాలి మీద, పిక్క మీద, మడమ మీద తట్టాను. మోకాలు పలికింది. పిక్క సగం పలికింది. కింద ఏమీ లేదు. డొల్ల కూడా కాదు. డొల్ల బండ అయినా మాట్లాడుతుంది.

మహిమ అన్నది నిజమే, మనమే వినం. కానీ ఎంతకాలం పిలుస్తుంది ఒళ్ళైనా?

ఫిబ్రవరి 2

వేలు నల్లబడింది. జ్వరం. మహిమ వచ్చి నన్ను కరీంనగర్ తీసుకుపోతానని ఫోన్‌లో అంటోంది. బోర్డు అయ్యాకే అన్నాను. అది ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టలేదు.

ఫిబ్రవరి 6

సూదితో పొడిచారు. "తెలుస్తుందా?" అన్నారు. ఈసారి కూడా నిజమే చెప్పాను.

అన్‌ఫిట్.

ఫిబ్రవరి 8, ఆదివారం

లైన్లో అందరికీ స్వీట్లు పంచారు. అయ్యగారు స్తుతి ప్రార్థన చేశారు. "అదృష్టమంతుడవన్నా" అని చేతులు కలిపినవాళ్ళే అందరూ. అనసూర్య కూడా వచ్చింది. కొమురెల్లి రాలేడు కదా. పంపిన లడ్డూ తినలేదట, గోడకు విసిరాడట. "ఈ మధ్య మస్తు కోపమైతుండు" అంది.

ఫిబ్రవరి 17

కరీంనగర్. బొటనవేలు, పక్క వేలు తీసేశారు. మహిమే కట్టు కడుతోంది. తల ఎత్తకుండా కడుతుంది. ఇవాళ కట్టు ముడి వేసి, నా మడమ మీద నుదురు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. దాని కన్నీళ్ళు వేడిగా ఉండి ఉంటాయి.

మార్చి 20

ఇంటికొచ్చి రెండు వారాలు. ఇప్పుడు నన్ను బతికించే పని మొదలైంది. గోడకు మహిమ రాసిన చార్టు అంటించారు. గడియారం చూసి పెడుతున్నారు. కాకరకాయ, రాగిజావ, కొలత గిన్నెతో అన్నం. ప్రేమమ్మ గోలీ నా నోట్లో వేసి, మింగానో లేదో నోరు తెరిపించి చూస్తోంది. ఇంట్లో చక్కెర డబ్బాకు తాళం. ఎవరూ నా ఒంటిని ఏమీ అడగడం లేదు. నేను అడిగినా అది జవాబు ఇవ్వడం లేదు. ఆకలి అని లేదు, చాలు అని లేదు. పెట్టింది తింటున్నాను, తీసేస్తే ఆపుతున్నాను.

సన్నీకి ఆర్డర్ వచ్చింది. ట్రైనింగ్‌కు పోతున్నాడు. వాడు గడ్డం గీసుకుంటూ ఈల వేయడం చాలా ఏళ్ళకు విన్నాను. అది మాత్రం రాసుకోవాలి. ఆ ఈల వింటే నాకు సంతోషమే వేసింది. దాన్ని దాచను.

ఏప్రిల్ 27

ట్రైనింగ్ అయిపోయింది. ఇవాళ వాడికి బాయిలో మొదటి డ్యూటీ. ఫస్ట్ షిఫ్టు. భూమన్న దగ్గరే వేశారు. పోయేముందు గుమ్మంలో ఆగాడు.

"బాపూ, బండ సప్పుడు ఎట్ల తెలుసుకోవాలె?"

"కొట్టుకుంట పో. చెప్తది. డొల్లగ పలికితే ఆడ నిలవడకు. ఎవ్వలు రమ్మన్నా పోకు. నేను రమ్మన్నా పోకు."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు.

వాడు వచ్చేదాకా కర్ర పట్టుకొని గుమ్మంలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండలో, ముఖమంతా బొగ్గుతో వచ్చి నా పక్కనే కూలబడ్డాడు. నేను వచ్చినట్టే వచ్చాడు. నేను పెట్టినట్టే బూట్లు పెట్టాడు.

"అవ్వా, అంబలి ఉన్నదా? పానం మొత్తం గదే అడుగుతుంది."

ఇంత వయసొచ్చినా వాడు ఎన్నడూ అంబలి ముట్టినవాడు కాదు. ప్రేమమ్మ చెంబు తెచ్చి, నా వైపు చూడకుండా వాడికి ఇచ్చి పోయింది. గటగటా తాగుతున్నాడు. వాడి గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాను. నా నోట్లో ఏమీ ఊరలేదు.

వాడి బూట్లు చేతిలోకి తీసుకున్నాను. లోపల వేళ్ళు పెట్టి తడిమాను. ఎడమది తిరగేసి దులిపితే బొగ్గు ముక్క ఒకటి పడింది. చింతగింజ కంటే చిన్నదే.

"ఏది, కాలు సూపియ్" అన్నాను.

"ఏం గాలే బాపూ."

"గిది బూటుల ఉంటే నీకు తెల్వలేదా?"

"తెల్వకేంది? మూలమలుపు కాన్నుంచి ఒకటే గుచ్చుడు. పానం తోడేసింది. ఇప్పి దులుపుదామంటె కొత్తోన్ని, ఏమనుకుంటరో అని ఊకున్న."

"గుచ్చిందా?"

"మస్తు గుచ్చింది."

"నొచ్చిందా?"

"నొయ్యదా మరి?" అన్నాడు, నా ముఖం కేసి వింతగా చూసి.

నాకు ఏడుపొచ్చింది. వాడి పాదం నా ఒళ్ళోకి లాక్కొని బొటనవేలి కింద గట్టిగా నొక్కాను. అబ్బా అని కాలు వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అరిచాడు.

ఇంత మంచి మాట ఈ ఏడాదిలో నేను వినలేదు.